తెర అడుగున పోయిన పిలుపు

2018 వేసవిలో మా చెల్లెలి ఇంట కొన్నాళ్లు గడపడానికి అమెరికా వెళ్లాను. ఒకనాటి మధ్యాహ్నం వాషింగ్టన్‌లోని ఫ్రీయర్ గ్యాలరీలో పాత చైనా చలనచిత్రం ప్రదర్శిస్తున్నారని తెలిసి ఒంటరిగా బయలుదేరాను. ఆసియా కళాసంపద కోసం 1923లో తలుపులు తెరచిన భవనమది. ప్రేక్షకులలో అధికులు అమెరికన్లు. అక్కడక్కడ కొందరు చైనా వృద్ధులు. నా పక్క కుర్చీలో అటువంటి వృద్ధురాలే కూర్చున్నది.

దీపాలు ఆరిన కొంతసేపటికి ఒక వింత గమనించాను. హాస్యం పలికిన ప్రతిచోటా నవ్వు రెండు విడతలుగా వస్తున్నది. ముందుగా నవ్వుతున్నది మేమే. తెర అడుగున ఆంగ్లవాక్యం మొత్తం ఒక్కసారే ప్రత్యక్షమవుతుంది కనుక, నటుడు మాట ముగించకముందే మాకు అర్థమైపోతున్నది. ఆ భాష ఎరిగినవారు ఆ తరువాత నవ్వుతున్నారు. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నందుకు లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

చివరి ఘట్టంలో ఆ గర్వం అణగిపోయింది. తెరపై యువకుడు గుమ్మంలో నిలిచి కథానాయికను పిలిచాడు. పక్కనున్న వృద్ధురాలు ఊపిరి బిగపట్టి చేతిరుమాలు కళ్లకు ఒత్తుకున్నది. తెర అడుగున ఉన్నది ఆ స్త్రీ పేరు మాత్రమే. అందులో కంటతడికి కారణమేమిటో నాకు బోధపడలేదు.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. ఆమె చిన్నగా నవ్వి, “అంతవరకు అతడామెను సావోజ అని పిలిచాడు. అంటే అన్నగారి భార్య. ఇప్పుడు మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు” అన్నది.

వదిన! మన భాషలో ఉన్న మాటే. ఆంగ్లానువాదకుడు ఆ పిలుపు బరువని తలచి మొదటినుంచీ పేరే వాడాడు. అందుచేత ఆ గీత దాటిన క్షణం మాకు కనబడనేలేదు. తెలుగువాణ్ణి ఎవరిని కూర్చోబెట్టినా ఒక్క మాటతో గ్రహించగల ఘట్టాన్ని ఆంగ్లం చేతిలో పట్టుకొని నేను పోగొట్టుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం ఆ అనువాదకుడు కాదు, నేనే. 2011లో ఒక తెలుగు నవలను ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు నేనూ వదినలను, బావలను తుడిచివేసి పేర్లు పెట్టాను. వృద్ధుడైన రచయిత కార్డు రాశారు: “అమ్మాయీ, నా కథలో మరిది ఆ ఇంట తలెత్తి మాట్లాడని మనిషి. నీ ఇంగ్లీషులో వదినను పేరు పెట్టి పిలుస్తున్నాడు. వీడెవడో నాకు తెలియదు.” విదేశీ పాఠకుడు ఇంత శ్రమ పడడని నేను పాండిత్యం ఉట్టిపడేలా జవాబిచ్చాను. ఆయన మళ్లీ రాయలేదు. రెండేళ్లకు కాలం చేశారు.

పాఠకుడు శ్రమ పడడని నాకెవరు చెప్పారు? 1930 ఫిబ్రవరిలో, మన స్థానం నరసింహారావుగారివలె స్త్రీ పాత్రలకు పేరుపొందిన మెయ్ లాన్‌ఫాంగ్ న్యూయార్కులో చైనా సంగీతనాటకాలు ఆడాడు. ఆర్థిక మాంద్యం మొదలైన రోజులవి. హవాయిలో పుట్టిన చైనా యువతి సూ యాంగ్ తెర ముందు నిలిచి, జరగబోయే ఘట్టాన్ని ఆంగ్లంలో వివరించేది. ఆ తరువాత నటుడు తన భాషలోనే పాడేవాడు. రెండు వారాలకని మొదలైన ప్రదర్శనలు ఐదు వారాలు సాగాయి.

కాలం మారినా అనుమానం పోలేదు. ఆ నాటకరంగం గురించే చెన్ కైగె తీసిన ‘ఫేర్‌వెల్ మై కాన్‌క్యుబైన్’ 1993లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పొందినా, అమెరికాలో విడుదలకు ముందు దానిని పావుగంటకు దగ్గరగా కత్తిరించారు. ఏడేళ్లకు ఆంగ్ లీ చిత్రం ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ చైనా సంభాషణలతోనే వచ్చింది. అమెరికన్లు తెర అడుగున చదువుకుంటూనే దానికి 12 కోట్ల డాలర్లకు పైగా వసూళ్లు సమకూర్చారు. శ్రమకు వెనుదీసింది వారు కాదు. వారి తరఫున ముందే అలసిపోయింది మధ్యవర్తులు.

2020లో నా అనువాదం పునర్ముద్రణకు వచ్చింది. ప్రతి పేజీ తిరిగి పట్టుకొని, వదినను వదినగానే ఆంగ్లాక్షరాలలో నిలిపాను. ఆ పిలుపు ఎవరికి చెందుతుందో ముందుమాటలో నాలుగు వాక్యాలు రాశాను. సూ యాంగ్ తెర ముందు చేసిన పని అదే కదా.

మొదటి ప్రతిని రచయితగారి ఇంటికి పంపాను. ఆయన భార్య ఫోను చేసి పుస్తకం అందిందని చెప్పారు. “నాకు ఇంగ్లీషు రాదమ్మా, ఆయన బల్లమీద పెట్టాను” అన్నారు.