అబ్బాజాన్ అంబాసిడర్

2014లో తయారీయే నిలిచిపోయిన బండి మనకెందుకని, అబ్బాజాన్ అంబాసిడర్‌ను పాత ఇనుముకు ఇచ్చివేయమని తమ్ముడు పట్టుబట్టాడు. అమ్మీజాన్ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

జుమా నమాజు అనంతరం మేము బానెట్ ఎత్తాము. అరబీ వ్యాకరణం బోధించే మా చేతులకు స్క్రూడ్రైవరు కొత్త. పెట్రోలు వస్తున్నది, బ్యాటరీ బాగున్నది, స్పార్కు మాత్రం లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడగా పాయింట్లు నల్లబడి ఉన్నాయి. సన్నని గరుకు కాగితంతో రుద్ది, సందును సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాము. అబ్బాజాన్ ఆ కొలతకు అగ్గిపెట్టె అట్ట వాడేవారు. అప్పట్లో మేము నవ్వేవాళ్లము.

అయినా ఇంజను పలకలేదు. గుమ్మంలోనుండి అమ్మీజాన్ అన్నారు: “బేటా, ఆ రోటరు ముక్క అరుగు మీదే ఉంది.”

అమర్చాము. మూడవసారికి ఇంజను పలికింది. ఆమె బురఖా వేసుకొని వచ్చి వెనుక సీటులో, ఎడమవైపు, ఎప్పటి చోటనే కూర్చున్నారు.

తమ్మునికి ఇంకా జవాబు చెప్పలేదు.