లోమనసుకు పని అప్పగించడం

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే అడిగేవారు, చుట్టూ కూర్చుంటారు. ఒకరు అసంబద్ధంగా తోచే పాదమొకటి సమస్యగా ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి. పద్యం ఊపందుకునే వేళకు ఒకాయన అప్రస్తుత ప్రసంగంతో అడ్డం పడతాడు. మధ్యలో గంట మోగుతుంది, అదీ లెక్కపెట్టాలి. ఆవృత్తానికో, అంటే చుట్టుకో, పాదం చొప్పున పద్యాలు పూర్తయ్యాక ధారణ: అన్నీ వరసగా అప్పజెప్పాలి. మనిషి అప్పటికప్పుడు గుర్తుంచుకోగలిగేవి ఏడు, అటూ ఇటూ ఇంకో రెండు అని 1956లో జార్జి మిల్లర్ రాశాడు. ఆ లెక్కన ఇది పైమనసు ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. లోమనసు కలిసి రావాలి.

మా గురువుగారు దీని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. మొదట్లో చాలాకాలం పద్యమే కట్టనివ్వలేదు. భాగవతం, మనుచరిత్ర, వసుచరిత్ర గొంతెత్తి చదివించారు. భరనభభరవ అని వేళ్ల మీద గణాలు వేసుకునేవాడికి ఉత్పలమాల దానంతటది రాదు. నడక చెవిలో నిలవాలి. పదో అక్షరం దగ్గర యతి తప్పితే పంటికింద రాయిలా తగలాలి. అప్పుడే పైమనసుకు తీరిక.

లోమనసుకు పని అప్పగించడానికీ ఒక పద్ధతుంది. సమస్య వినగానే పూరణకు దిగకు. ప్రాసాక్షరం చూడు. ఆ ప్రాసతో తోచిన నాలుగు మాటలు తలచుకో. ఈ అసంబద్ధపు మాట ఎవరి నోట పెడితే సబబుగా ఉంటుందని ఒక్క ప్రశ్న వేసుకో. సంబోధనతోనో వర్ణనతోనో మొదటి పాదం చెప్పేసి పక్క పృచ్ఛకుడి వైపు తిరుగు. మళ్లీ లోపలికి తొంగిచూడకు. తొంగిచూస్తే రెండూ చెడతాయి.

ఇది నాకు ఒంటబట్టింది ఒక దత్తపదిలో. నాలుగు వాహనాల పేర్లిచ్చి, పాదానికొకటి ఇమిడ్చి అశోకవనంలో సీతను త్రిజట ఓదార్చాలన్నారు. మిగతా మూడూ ఎలాగో ఒదిగాయి. 'లారీ' లొంగలేదు. నాలుగో పాదానికి కదా అని వదిలేశాను. మూడో ఆవృత్తంలో అప్రస్తుత ప్రసంగం ఆయన "మీ ఇంట్లో వంట ఎవరిదండీ?" అన్నాడు. నవ్వుతూ జవాబు చెబుతున్నాను, లోపల 'ఏలా రీతి' అని వినపడింది. 'ఏల ఆ రీతి దుఃఖిస్తావమ్మా' అంటోంది త్రిజట. లారీ అందులోనే ఉంది! సభ చప్పట్లు కొట్టింది. గురువుగారు యతి సరిపోయిందని తల ఊపారు. నాకు ఆ తల ఊపే చాలు.

నిషిద్ధాక్షరి దారి వేరు, అక్షరం అక్షరానికీ పృచ్ఛకుడు తర్వాతిది నిషేధిస్తుంటాడు. అక్కడ పైమనసు కాపలా వదలకూడదు. కందంలో సరస్వతీ స్తుతి అనుకో. 'శ్రీ' అన్నావు. శ్రీవాణి వస్తోందని పసిగట్టి 'వ' వద్దంటాడు. 'శా' అంటావు. శారద అనుకుని 'ర' కాదంటాడు. 'బ్దీ' అను. శ్రీశాబ్దీ, శబ్దస్వరూపిణి. మాట అక్కడికే పూర్తయింది, తర్వాత ఏ అక్షరం కాదన్నా ఆ మాటకు ఢోకా లేదు. ఇక నాలుగు పాదాలకూ శకార ప్రాస నడపాలి, అది వేరే కష్టం. ఆ మాట నీ ఎదుటికొచ్చింది ఆ క్షణపు తెలివివల్ల కాదు. ఎప్పుడో నిఘంటువు వల్లె వేశావు, లోమనసు దాచిపెట్టి సమయానికి అందించింది.

ధారణకు పద్యమంతా మోయాలని చూడకు. ప్రాసాక్షరం, మొదటి మాట, అడిగినవారి ముఖం, ఈ మూడూ ముడివేసుకో. తక్కినది ఛందస్సు లాక్కొస్తుంది. తిరుపతి వేంకట కవులు శతావధానాలు చేశారంటే, అన్ని ముఖాలకు అన్ని ముడులు వేశారన్న మాట. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

గంటల లెక్క మా ఆవిడ నేర్పింది. నేను పద్యం కడుతుంటే వంటింట్లోంచి గిన్నె మీద గరిటెతో కొట్టేది, వడ్డించే ముందు ఎన్నని అడిగేది. నువ్వు కందంతో మొదలుపెట్టు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాదం సగంలో ఉండగా టమాటా ధర అడగమను. ధర చెప్పు, ఆ సగం దగ్గర్నుంచే పాదం అందుకో.