ఓర్కుల వైపు నుంచి కూడా ఒకసారి

పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చోగానే "మళ్లీ ఆటలేనా?" అని విసుక్కునే ఇళ్లు మనవి. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. కానీ ఇవాళ నేను చెప్పబోయే ఆట సంగతి విన్నాక, "కాస్త జరగరా, నేనూ చూస్తా" అని మీరే కుర్చీ లాక్కుంటారని నా నమ్మకం.

ఆట పేరు 'ద బ్యాటిల్ ఫర్ వెస్‌నాథ్'. డేవిడ్ వైట్ అనే ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టాడు. సెగా మెగా డ్రైవ్ కాలంలో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ మాన్‌స్టర్స్', 'వార్‌సాంగ్' అనే జపాన్ ఆటలంటే ఆయనకు ఇష్టం. అలాంటిదే తేలికైన నియమాలతో ఒకటి తయారుచేద్దామనుకున్నాడు. కోడ్ అందరి ముందూ పెట్టేసరికి బొమ్మలు గీసేవాళ్లు, సంగీతం కట్టేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. 2005 అక్టోబరులో 1.0 వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ ఉచితమే. పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది.

ఇందులో తొందరేమీ ఉండదండీ. మన వంతులో మన బలగాలను కదుపుతాం, తరవాత ఎదుటివాడి వంతు. మధ్యలో లేచి వెళ్లి పొయ్యి మీద పాలు దించి వచ్చినా ఎవరూ మన మీద పడరు. నేలంతా ఆరు పలకల గడులు. కొన్ని గడులు అడవి, కొన్ని కొండ, కొన్ని ఊళ్లు. ఊరు పట్టుకుంటే బంగారం వస్తుంది, అందులో దిగిన సైనికుడి గాయాలు మానతాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం పగలూ రాత్రీ. ఆరు వంతులు గడిస్తే ఒక రోజు. తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంసంధ్య, తరవాత రాత్రి రెండు జాములు. కథ జరిగే వెస్‌నాథ్ రాజ్యపు మనుషులకు పగలు బలం, వాళ్లతో తలపడే ఓర్కులనే రాక్షసజాతికి రాత్రి బలం. బలమంటే అంకెల్లోనే చూపిస్తాను. ఈటె పట్టిన మామూలు సైనికుడు ఒక్కో పోరులో మూడు పోట్లు పొడుస్తాడు, పోటుకు 7 పాయింట్ల నష్టం చొప్పున. అదే ఎండలో 9, చీకట్లో 5. గ్రంట్ అనే ఓర్కు సైనికుడు కత్తితో రెండే దెబ్బలు వేస్తాడు, దెబ్బకు 9. చీకటి పడితే 11, పొద్దెక్కితే 7. ఇప్పుడు ఆలోచించండి. సాయంత్రం ఓర్కుల గుంపు నది అవతల కనబడింది. ఎదురెళ్లి కొట్టాలా, నాలుగు గడులు వెనక్కి తగ్గి ఊళ్లో తలదాచుకొని తెల్లారేదాకా కాచుకోవాలా? వెనక్కి తగ్గితే రెండు ఊళ్లు వాడి పాలవుతాయి, బంగారం తగ్గుతుంది. ఎదురెళితే సైనికులు పోతారు. ఈ లెక్క ప్రతి సాయంత్రం కొత్తగా వేసుకోవలసిందే.

నేల సంగతీ అంతే. చెట్ల మధ్య నిలబడ్డ ఎల్ఫు అనే అడవిజాతివాడి మీద పది దెబ్బలు వేస్తే ఆరేడు గాల్లోనే పోతాయి. అదే అడవిలోకి గుర్రపు రౌతును తోలితే ఏడు దెబ్బలు తింటాడు. అస్థిపంజరం మీద ఈటె దాదాపు పనిచేయదు, గదలాంటి మొద్దు ఆయుధమో నిప్పో కావాలి. మాంత్రికుడి నిప్పు నూటికి డెబ్బైసార్లు తగులుతుంది. మూడుసార్లు విసిరితే మూడూ తప్పే అవకాశం నూటికి మూడులోపే. అయినా ఒక్కోసారి తప్పుతాయి. ఇదంతా అదృష్టం ఆట అని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఆ మూడూ తప్పితే ఏం చేయాలో ముందే అనుకొని మాంత్రికుడి వెనక ఇంకొకణ్ణి నిలబెట్టినవాడే గెలుస్తాడు.

సరే, ఈ ఆటలో యుద్ధాల వరసగా ఆడే కథలున్నాయి, వాటి దగ్గరికి వస్తాను. మొదట చెప్పుకోవలసింది 'ఎయిర్ టు ద థ్రోన్'. గారర్డ్ రాజును యుద్ధభూమిలో కన్నకొడుకే చంపుతాడు. వెనక ఉండి నడిపించింది రాణి ఆషెవియర్. గద్దె చిక్కాక వారసత్వానికి అడ్డొచ్చే రాకుమారులందరినీ చంపమని ఆజ్ఞ ఇస్తుంది. వాళ్లలో చిన్నవాడైన కాన్రాడ్‌ను డెల్ఫడార్ అనే ముసలి మాంత్రికుడు తప్పించి, ఎల్ఫుల అడవిలో పెంచుతాడు. రాణి పక్షాన ఓర్కులు వచ్చి ఆ అడవిని ముట్టడించడంతో ఆట మొదలు. ఇక్కడ ఓర్కు అంటే నరికేయవలసినవాడు, అంతే. వాడికో ఇల్లుందని మనకు తట్టదు.

ఆ తరవాత 'సన్ ఆఫ్ ద బ్లాక్ ఐ' తెరవండి. ఇందులో మన నాయకుడే ఓర్కు, పేరు కపూయె. వాళ్ల నాన్న కారున్ ఓర్కులందరిలోకీ పేరుమోసిన నాయకుడు. పాత ఒప్పందాలను మనుషులు తుంగలో తొక్కి ఓర్కుల నేల మీదికి వస్తారు. చెదిరిపోయిన తెగలను కూడగట్టి నిలబడడం కపూయె పని. నిన్నటిదాకా పొద్దు ఎప్పుడు పొడుస్తుందా అని ఎదురుచూసిన మనమే ఇప్పుడు పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని చూస్తాం. 'దానవీరశూరకర్ణ'లో దుర్యోధనుడితో పాటు కూర్చొని కథ విన్నవాళ్లం కదా, మనకు ఈ మలుపు కొత్త కాదు. కాకపోతే ఇక్కడ చూసి ఊరుకోవడం కుదరదు. నిర్ణయాలన్నీ మనవే.

వీటన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించింది 'డిసెంట్ ఇన్‌టు డార్క్‌నెస్'. సరిహద్దులో పార్థిన్ అనే ఊరు. ఓర్కులు వచ్చి పడుతుంటారు, కాపాడేవాళ్లు చాలరు. మాలిన్ కెషార్ అనే కుర్ర మాంత్రికుడు డార్కెన్ వోల్క్ అనే మంత్రగాడి దగ్గర శవాలను లేపే విద్య పట్టి, చచ్చినవాళ్లతోనే ఊరిని కాపాడతాడు. కాపాడిన ఆ ఊరే అతణ్ణి వెళ్లగొడుతుంది. అప్పటిదాకా అతను చేసిన ప్రతి పనీ మన చేత్తో చేయించినదే, ప్రతిసారీ అది సబబుగానే తోచింది. ఒక్కో మెట్టూ దిగుతూ చివరికి అతను మనిషిగా మిగలడు. ఏ మెట్టు దగ్గర ఆగి ఉండాల్సిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉచితంగా, ఇష్టం కొద్దీ రాసినవాళ్లు ఇంత నిబ్బరంగా కథ నడిపించారంటే వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

మరొక మాట. ఒక యుద్ధంలో బతికి బయటపడ్డ సైనికుణ్ణి తరవాతి యుద్ధానికి 20 బంగారు నాణేలిచ్చి మళ్లీ పిలిపించుకోవచ్చు. ఒక్కొక్కరికీ పేరుంటుంది. మొదటి యుద్ధంలో మామూలు ఎల్ఫుగా చేరినవాడు దెబ్బలు తిని, నేర్చుకొని కెప్టెన్ అవుతాడు. అతని పక్కన నిలబడ్డ కుర్రవాళ్ల దెబ్బకు బలం పెరుగుతుంది. అలాంటివాడు పోతే కొత్తవాళ్లు నలుగురొచ్చినా ఆ లోటు తీరదు.

మొదలుపెట్టాలనుకుంటే 'ఎ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్'తో మొదలుపెట్టండి. నాలుగే యుద్ధాలు, సెలవు రోజుల్లో అయిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, నూటికి ఎంత అనే లెక్క వాళ్లకు దానంతటదే వచ్చేస్తుంది. ఆ తరవాత కాన్రాడ్ కథ ఆడండి. అది ముగిశాక మాత్రం ఆలస్యం చేయకండి. ఓర్కుల మీద కోపం చల్లారకముందే కపూయె కథ తెరవండి.