పిడికిలి పట్టడం

బడి వార్షికోత్సవంలో కరాటే పేరుతో పిల్లలచేత పెంకులు పగలగొట్టిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. తెల్ల డ్రెస్సులో ఆరో తరగతి పిల్లవాడు, ఎదురుగా దొంతరగా పేర్చిన బంగళా పెంకులు, మైకులో చప్పట్లు కొట్టమని కేకలు. నా కళ్ళు మాత్రం వాడి పిడికిలి మీదే. బొటనవేలు లోపలికి మడిచి ఉంటుంది, లేదా మణికట్టు వంగిపోయి ఉంటుంది. పిడికిలి పట్టడమే నేర్పని వాళ్ళు పెంకులెలా పెడతారు ముందు?

వేళ్ళను కొసలనుంచి చుట్టుకుంటూ రావాలి. బొటనవేలు బయట, చూపుడు, మధ్య వేళ్ళ మీదుగా అడ్డంగా బిగించాలి. దెబ్బ ఆ రెండు వేళ్ళ మొదటి కణుపులతోనే తగలాలి. వాటి వెనక ఎముకలు మణికట్టు దగ్గర కదలకుండా బిగిసి ఉంటాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు వెనకవి కదులుతాయి. అందుకే కోపంలో గోడను గుద్దిన కుర్రాడికి తరచూ చిటికెన వేలి వెనక ఎముకే విరుగుతుంది. డాక్టర్లు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు.

చెయ్యి గట్టిపడాలంటే సిమెంటు నేలమీద కణుపులతో దండీలు తీయించే కోచ్‌లను చూశాను. ఘోరం. భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణం మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియుస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. కానీ అది నెలలు, ఏళ్ళు పట్టే పని. పైగా ఆరో తరగతి వయసు పిల్లల ఎముకల చివర్ల దగ్గర, పెరిగే చోట ఇంకా మృదులాస్థి ఉంటుంది.

ఒకినావా కరాటే వాళ్ళ మకివారా చూడండి: నేలలో పాతిన చెక్క, పైకి పోనుపోనూ పలచన, కొసన గడ్డితాడు చుట్టు. గుద్దితే వెనక్కి వంగుతుంది. గోడ వంగదు, దెబ్బంతా చేతికే తిరిగొస్తుంది.

మా కరాటే మాస్టారు మకివారా కోసం సరుగుడు కర్రను ఒక పక్క చెక్కి, కొబ్బరితాడు చుట్టి పాతారు. మొదట్లో తాకించమనేవారే తప్ప గుద్దనిచ్చేవారు కాదు. మణికట్టు వంగిందంటే ఆ రోజుకి మా పని అయిపోయినట్టే. తర్వాత నువ్వులనూనె గోరువెచ్చగా కాచి కణుపులకు రాయించేవారు. అలాంటి కర్రలు కొనడానికి నన్ను కర్రల డిపోకి తీసుకెళ్ళేవారు. ఒక్కో కర్రనూ నేలకానించి, నొక్కి, వంపు చూసేవారు. పచ్చిది వద్దు, ఎండితే పగులుతుంది. మరీ లావుదీ వద్దు, వంగదు. "పందిరికేగా మాస్టారూ, ఏదైతేనేం" అని డిపో ఆయన విసుక్కుంటే, "పందిరికైతే నువ్వే ఇచ్చెయ్యి, నాకివ్వకు" అని ఇంకో కట్ట విప్పించేవారు.