క్లిప్పు ఎవరి జేబులో ఉంది?

మా నాన్న కుడిచేతికి మూడు వేళ్లే పూర్తిగా ఉంటాయి. చూపుడువేలు, మధ్యవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోతాయి. కొత్తవాళ్లెవరైనా అడిగితే 'ఇంజను తినేసింది' అని నవ్వేస్తాడు. ఆ మాట సగమే నిజం. ఆ రోజు ఇంజను తాడు లాగింది నేను.

మాది భీమిలికి దగ్గర్లో ఓ మత్స్యకార గ్రామం. తాత కాలంలో కర్రతెప్ప, తెరచాప, గాలి దయ. నాన్న కాలానికి ఫైబర్ బోటు వచ్చింది. 2001లో అమ్మ పుస్తెలతాడు కుదువపెట్టి, మిగతాది అప్పుచేసి, 9.9 హార్స్‌పవర్ మోటారు కొన్నాడు నాన్న. దాన్ని తెచ్చినరోజు పసుపు రాసి, బొట్టుపెట్టి, గంగమ్మకు కోడిని కోశారు. ఇంట్లో మా అందరికంటే దానికే మర్యాద ఎక్కువ. రాత్రిపూట దానికి గోనెసంచి కప్పేవాడు. మాకు దుప్పటి ఉందో లేదో అమ్మ చూసుకునేది.

అవుట్‌బోర్డ్ మోటారు అంటే పెద్ద రహస్యమేం లేదు. పడవ లోపల కాకుండా, వెనక చెక్కకు బయట వేలాడదీసి రెండు మరలతో బిగించే ఇంజను. పైన ఇంజను, మధ్యలో పొడవాటి కడ్డీ, కింద నీళ్లలో గేర్లు, వాటికి తగిలించిన ఫ్యాను. పుస్తకాల్లో ప్రొపెల్లర్ అంటారుగానీ మావాళ్లకది ఫ్యానే. అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన నార్వే దేశస్థుడు ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటి మోటార్లను అమ్మకానికి తెచ్చాడు. కాబోయే భార్య ఐస్‌క్రీమ్ అడిగిందని ఎండలో చెరువు దాటి తెడ్డేసుకుంటూ వెళ్లి తెస్తే, వచ్చేసరికి అది కరిగిపోయిందట. అప్పుడే ఆయనకీ ఆలోచన పుట్టిందని కథ చెబుతారు. ఆయన పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఆయన ఆలోచన మాత్రం మా తీరంలో ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున మేలుకుంటుంది.

2003 డిసెంబరు. నేను డిగ్రీ రెండో ఏడాది. సెలవులకు వచ్చి నాన్నతోనూ, బావతోనూ వేటకెళ్లాను. వంజరం వల. చేపలు బాగానే పడ్డాయి. తిరిగొస్తుంటే వల కొస ఒకటి నీళ్లలోకి జారి ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. నాన్న దాన్ని పైకి వంచి, వెనక చెక్క మీద బోర్లాపడుకుని వలతాళ్లు విప్పుతున్నాడు. బావ ముందువైపు వల సర్దుతున్నాడు. నేను ఇంజను పక్కనే ఉన్నాను. గాలి హోరు. నాన్న వెనక్కి తిరక్కుండానే ఏదో అన్నాడు. నాకు వినిపించింది ఒక్కటే మాట... 'లాగు'.

నేను స్టార్టరు తాడు లాగాను.

వేడిమీదున్న ఇంజను. ఒక్క లాగుకే అందుకుంది. గేరు ముందుకే ఉండిపోయింది. తర్వాత జరిగింది రాయడం అనవసరం. బావ పరిగెత్తుకొచ్చి ఇంజను కట్టేశాడు. తువ్వాలుతో చెయ్యి గట్టిగా చుట్టి పైకెత్తి పట్టుకోమన్నాడు. మళ్లీ అదే ఇంజనుతో గంట ప్రయాణం చేసి ఒడ్డుకు చేరాం. ఆ గంటసేపూ నాన్న పల్లెత్తు మాట అనలేదు. తెగిన ముక్కలు దొరికి ఉంటే, శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తేవాల్సిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పారు. ఐసు ముక్కలకు నేరుగా తగలకూడదట. మా బోటులో ఐసు ఉంది. ముక్కలే లేవు.

మా మేనమామ మోటారు మెకానిక్. రేకుల షెడ్డులో చుట్టుపక్కల ఊళ్ల ఇంజన్లన్నీ బాగుచేసేవాడు. విషయం తెలిసి వచ్చాడు. నాన్నను పలకరించాక నాతో ఏమీ మాట్లాడకుండా తిన్నగా బోటు దగ్గరకు వెళ్లాడు. ఇంజను మూత తీసి చాలాసేపు చూశాడు. 'తాడు లాగింది నువ్వేరా. కానీ ఈ తప్పు నీ చేతికొచ్చేలోగా మూడుచోట్ల ఆగాలి. మూడుచోట్లా దానికి దారిచ్చేశారు' అన్నాడు.

మొదటిది... ఇంజను గేరులో ఉంటే స్టార్టరు తాడు కదలకుండా పట్టే కేబులు ఒకటుంటుంది. మా ఇంజనుకు అది కొన్ని నెలల కిందటే తెగింది. కొత్తది వేయించేదాకా వేట ఆపలేక నాన్న దాన్ని తీసి పక్కన పడేశాడు. రెండోది... ఎర్రతాడుకు వేలాడే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. నడిపేవాడి చేతికో నడుముకో ఆ తాడు కట్టుకోవాలి. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజను ఆగిపోతుంది. క్లిప్పు లేకుండా ఇంజను అందుకోదు. అడ్డుగా ఉందని మావాళ్లు దాన్ని వైరుతో అక్కడే శాశ్వతంగా కట్టేశారు. మూడోది... ఫ్యాను మీద చెయ్యి వేసేముందు ప్లగ్గుల క్యాపులు పీకాలి. ఎవరూ పీకలేదు.

ఆ వేసవి సెలవులన్నీ మావయ్య షెడ్డులోనే గడిపాను. ఆయన పని నేర్పిన మొదటి వారం నా చేతికి పానా ఇవ్వలేదు. రోజూ ఒక్కటే ప్రశ్న. 'క్లిప్పు ఎవరి జేబులో ఉంది?' పనిచేసేవాడి జేబులో ఉండాలి. పక్కవాడి దగ్గర కాదు, ఇంజను మీద అసలే కాదు. తర్వాత గేరు న్యూట్రల్లో ఉందా అని చూడాలి. తర్వాత ప్లగ్గుల క్యాపులు. ఈ మూడూ అయ్యాకే ఫ్యాను దగ్గరకు వెళ్లాలి. 'ఎవరూ తాడు లాగకపోయినా, గేరులో ఉన్నప్పుడు ఫ్యానును చేత్తో తిప్పితే ఇంజను కూడా తిరుగుతుంది. పొరపాటున అందుకుంటే?' అనేవాడు. ఖాళీగా నడిచే ఇంజను గేరులో పడితే ఆ ఫ్యాను సెకనుకు ఆరేడుసార్లు తిరుగుతుంది. వెనక్కి తీసుకునేంత వేగం ఏ చేతికీ లేదు.

ఉప్పునీళ్లలో తిరిగిన ఇంజనుకు మంచినీళ్లతో స్నానం చేయించాలన్నది రెండో పాఠం. ఇంజను చల్లబడటానికి సముద్రపు నీళ్లే లోపల తిరుగుతాయి. ఉప్పు పేరుకుంటే దారులు మూసుకుపోతాయి. సగానికి కోసిన డ్రమ్ములో మంచినీళ్లు పోసి, ఇంజను అడుగుభాగం మునిగేలా పెట్టి, న్యూట్రల్లో పది నిమిషాలు నడపాలి. డ్రమ్ములో పెట్టేముందే ఫ్యాను ఊడదీయాలి. ఇదంతా ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో నడిపితే ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వానొచ్చినా సరే, మావయ్య ఇంజన్లను బయటే నడిపేవాడు. 'నేను తడిస్తే ఆరుతాను' అనేవాడు.

నడుస్తున్న ఇంజను వెనక నుంచి సన్నటి నీటిధార పడుతుండాలి. అది ఆగిందంటే లోపల నీళ్లు తిరగడం లేదని అర్థం. వెంటనే కట్టేయాలి. చాలాసార్లు ఆ కన్నంలో ఇసుకో ఉప్పో అడ్డుపడుతుంది. సన్నటి తీగతో పొడిస్తే పోతుంది. లేదంటే అడుగున ఉన్న రబ్బరు రెక్కల పంపు అరిగిపోయినట్టు. మాలాగా బోటును ఇసుకలోకే ఎక్కించేవాళ్లకు ఆ రెక్కలు తొందరగా పోతాయి. నీళ్లు లేకుండా ఇంజను నడిపినా అంతే. 'ఒక్కసారి చప్పుడు విందాం' అంటూ ఒడ్డు మీద తాడు లాగిన కుర్రాళ్లను మావయ్య తిట్టినట్టు ఇంకెవర్నీ తిట్టలేదు.

అడుగున గేరు ఆయిలు మార్చడం ఆయనకు ఇంజను జాతకం చూడటంతో సమానం. కింది బోల్టు తీసి, పైది వదులు చేస్తే ఆయిలు కారుతుంది. నల్లగా ఉంటే వయసు మీద పడినట్టు. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టు. చాలావరకు కారణం వలదారమే. అది ఫ్యాను వెనక చేరి కడ్డీకి చుట్టుకుని సీలును కోసేస్తుంది. అందుకే ఫ్యాను తీసినప్పుడల్లా వెనక దారం ఉందేమో చూడమనేవాడు. కొత్త ఆయిలు కింది కన్నంలోంచే ఎక్కించాలి, పై కన్నంలోంచి పొంగేదాకా. అప్పుడే లోపలి గాలి బయటికి పోతుంది. ముందు పై బోల్టు, తర్వాత కిందిది బిగించాలి.

పెట్రోలు దగ్గర మాత్రం ఆయన మరీ చాదస్తుడు. టూస్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. మా ఇంజనుకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. అంటే యాభైకి ఒకటి. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది. ట్యాంకును బోటులోంచి దించి ఒడ్డున నింపాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకెగిరి పోదు. బోటు అడుగున చేరి బీడీ నిప్పు కోసం ఎదురుచూస్తుంది. మావాళ్లు గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోలు పీల్చడం మామూలే. ఒకసారి ఓ కుర్రాడు మింగేశాడు. అందరూ ఉప్పునీళ్లు పట్టి కక్కించబోతే మావయ్య అడ్డుపడి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాంతి చేయిస్తే పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది మింగినదానికంటే ప్రమాదం.

మూత తీసిన ఇంజనును నడిపి చూడాల్సివస్తే తలపాగా, మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. పైన తిరిగే చక్రం దేన్నయినా లాక్కుంటుంది. స్టార్టరు తాడు చుట్టుకునే స్ప్రింగు విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టాలి. అది పాములా ఎగిరి కళ్లమీదికొస్తుంది. పైకి వంచిన ఇంజనును చేత్తో పట్టుకుని పని చేయకూడదు. గొళ్లెం పడిందో లేదో చూడాలి. ముప్పైఅయిదు కిలోలకు పైబడిన బరువు అది. బిగించిన మరలు నడకకు వదులవుతాయి కాబట్టి ఇంజనును బోటుకు ఓ తాడుతో కట్టి ఉంచాలి.

ఇవన్నీ చిన్న చిన్న విషయాలే. కానీ మా ఊళ్లో వీటికి టైము ఉండదు. తెల్లారి నాలుగింటికి పక్కబోటు వెళ్లిపోతుంటే, తెగిన కేబులు కోసం వేట మానుకునేవాడెవడు? ఒక్కరోజు ఆగితే అప్పుమీద వడ్డీ ఆగదు కదా! నాన్నది అజాగ్రత్త అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. కేబులు ధరకీ, ఆ రోజు బియ్యానికీ మధ్య ఎంచుకోవాల్సి వచ్చిన మనిషాయన. అయినా లెక్క వేసుకుంటే, ఆ కేబులు ధర మాకు రెండు వేళ్లయింది. ఆ తర్వాత నాలుగు నెలలు బోటు ఒడ్డునే ఉంది.

నేనిప్పుడు విశాఖలో బ్యాంకు ఉద్యోగిని. మావయ్య పోయి చాలా ఏళ్లయింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లుపెట్టే కాలమని సముద్రంలో వేట నిషేధం. మా ఊళ్లో వలలు అల్లుకునేదీ, ఇంజన్లు విప్పుకునేదీ అప్పుడే. రెండ్రోజులు సెలవు పెట్టి నేనూ వెళ్తాను. ఇప్పుడు బోటు మా అక్క కొడుకుది. ఇద్దరం వేపచెట్టు కింద పాత చీర పరిచి ఇంజను విప్పుతాం. చీర ఎందుకంటే, పంపులో ఉండే గోరంత ఇనుపముక్క ఇసుకలో పడితే ఇక దొరకదు. నాన్న మంచంమీద కూర్చుని అజమాయిషీ చేస్తుంటాడు.

పోయినేడాది పని మధ్యలో మేనల్లుడు టీ తేవడానికి వెళ్లాడు. నేనూ నాన్నే మిగిలాం. ఎందుకో ఆపుకోలేక అడిగేశాను... 'నాన్నా, ఆ రోజు నువ్వేమన్నావు?' ఇరవై ఏళ్లు దాటింది. ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నాన్న కాసేపు సముద్రంవైపు చూశాడు. 'వల లాగమన్నాన్రా, మీ బావని. నువ్వు తాడు లాగేవు' అన్నాడు. 'నాకు తెల్దేటి? ఆ కేబులు పీకింది నేను. నీకా సంగతి చెప్పనిదీ నేనే. నిన్నేటనాలి?'

క్షమించమని అడగాలని ఎన్నో ఏళ్లుగా కూడబలుక్కున్న మాటలేవీ నోటికి రాలేదు. ఆయనే మాట మార్చాడు. 'అయినా కబుర్లెందుకు గానీ, ఫ్యాను తీస్తావా లేదా?'

నేను ఫ్యాను మీద చెయ్యి వెయ్యబోయాను.

'ఒరే...' అన్నాడు నాన్న, పొట్టి చూపుడువేలు పైకెత్తి. 'క్లిప్పేదిరా?'

జేబులోంచి ఎర్రతాడు తీసి చూపించాను. ప్లగ్గుల క్యాపులు ఊడి వేలాడుతున్నాయో లేదో కళ్లు చికిలించుకుని చూసుకున్నాడు. అప్పుడు గానీ తల ఊపలేదు.