గోడకో కంత

డిసెంబర్ మొదలైందంటే చాలు, పాతబస్తీ హార్డ్‌వేర్ షాపుల ముందు గ్యాస్ గీజర్ల డబ్బాలు వరుసగా పేర్చి కనిపిస్తాయి. శాలిబండ నుంచి ఛత్రినాక దాకా ఇదే సీన్. పొద్దున బేరం, సాయంత్రం మెకానిక్, గంటలో ఫిట్టింగ్. తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు. ఆ డబ్బాలో గీజర్ ఉంటుంది, పైపు ఉంటుంది, స్క్రూలు ఉంటాయి, ఎవరూ చదవని ఓ చిన్న పుస్తకం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన పార్ట్ మాత్రం ఆ డబ్బాలో రాదు. అది గోడకు కొట్టాల్సిన కంత.

మా గౌలిపురా వైపు గ్యాస్ గీజర్ అంటే జనానికి ఎందుకంత ఇష్టమో నాకు తెలుసు. ఒకే ఇంట్లో మూడు పోర్షన్లు, ఒక్కో పోర్షన్లో ఐదారుగురు. కరెంట్ గీజర్‌లో ఒకరు స్నానం చేసి వస్తే తర్వాతి వాళ్లు నీళ్లు కాగేదాకా ఆగాలి. గ్యాస్ గీజర్‌కు ఆ గొడవ లేదు. నల్లా తిప్పితే మంట, కట్టేస్తే బంద్. కరెంట్ పోయినా పనిచేస్తుంది, మీటర్ తిరగదు.

ఇంత సుఖం ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే 10 కిలోవాట్లకు పైనే శక్తి కావాలి. మామూలు కరెంట్ గీజర్ 2 కిలోవాట్లు. వంటింటి స్టౌ మీద పెద్ద బర్నర్ కూడా దాదాపు అంతే. అంటే గోడకు వేలాడే ఆ చిన్న డబ్బాలో ఐదారు స్టౌ బర్నర్లు ఒకేసారి ఫుల్లుగా మండుతున్నట్టు. కిటికీ లేని బాత్రూంలో ఐదు పొయ్యిలు వెలిగించుకుని, తలుపు గడియ పెట్టుకుని స్నానం చేయమంటే ఎవరైనా చేస్తారా? గీజర్‌కు తెల్లటి రేకు మూత ఉంది కాబట్టి అది మనకు పొయ్యిలా కనిపించదు, అంతే.

లెక్క ఇంకా ఉంది. ఆ మంటకు నిమిషానికి దాదాపు 16 గ్రాముల గ్యాస్ కావాలి. ఆ గ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 200 లీటర్ల గాలి కావాలి. మా ఇళ్లలో బాత్రూం అంటే 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి 5,400 లీటర్లు. పది నిమిషాల స్నానంలో 2,000 లీటర్లు మంటకే పోతాయి. బయటి గాలి లోపలికి రాకపోతే మూడో వంతుకు మించి గాలి అయిపోయినట్టే. అదే గాలిని మీరూ పీలుస్తున్నారు.

గాలి తగ్గితే మంట వెంటనే ఆరిపోదు. సగం సగం మండుతుంది. అప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే మనకు కంపు తెలుస్తుంది, ఎందుకంటే ఎల్‌పీజీలో ఆ వాసన కావాలనే కలుపుతారు. మండిన తర్వాత వచ్చే విషానికి అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల దిమ్మెక్కుతుంది, కాళ్లు తేలిపోతాయి, మనిషి పడిపోతాడు. గడియ లోపల వేసి ఉంటుంది.

ఈ విషయం నాకు పుస్తకంలో కాదు, మా చెల్లె వల్ల తెలిసింది. చెల్లె అంటే చిన్నమ్మ కూతురు, అప్పుడు ఇంటర్ సెకండియర్. పై పోర్షన్లో ఉంటారు. ఒక ఆదివారం బాత్రూంలో దబ్బుమని పడిపోయింది. బాబాయి తలుపు తన్ని తీసేసరికి కళ్లు తేలేసి, చేతులు కొట్టుకుంటున్నాయట. బయటికి తెచ్చిన కాసేపటికే తేరుకుంది. కరోనా నాటి పల్స్ ఆక్సిమీటర్ వేలికి పెడితే 98 చూపించింది. ఆక్సిజన్ బాగుంది కాబట్టి ఇది ఫిట్సే అనుకున్నారు. ఒక ఆసుపత్రిలో తలకు స్కానింగ్ తీసి, మాత్రలు రాసిచ్చారు. చిన్నమ్మ ఏడుపు వేరే: “రేపు పెండ్లి సంబంధాలొస్తే ఏం జెప్పాలె బిడ్డా? ఫిట్సుల పిల్ల అంటరు గదా.”

మూడు వారాల తర్వాత మళ్లీ పడింది. మాత్రలు వేసుకుంటుండగానే.

మా ఆఫీసులో ఏదైనా బగ్ వస్తే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎప్పుడెప్పుడు వస్తోంది? నేను చిన్నమ్మను అదే అడిగా. రెండుసార్లూ ఆదివారమే. రెండుసార్లూ తలస్నానమే. చెల్లె ఒక్కతే కాదు, ఆ చలికాలం ఆదివారాల్లో బాబాయికీ స్నానం తర్వాత తలనొప్పి. రోజూ ఐదు నిమిషాల్లో ముగిసే స్నానం ఆ రోజు ఇరవై నిమిషాలు. అదీ ఒకరి తర్వాత ఒకరు. పైకి వెళ్లి బాత్రూం చూశా. గీజర్ లోపలే, తలుపు వెనక. పైన వెంటిలేటర్ ఉంది, దానికి అట్టముక్క కుక్కి ఉంది.

“చలి లోపటికి కొడ్తున్నదని నేనే పెట్టిన,” అంది చిన్నమ్మ.

ఎండాకాలం అట్ట ఉండదు, నీళ్లు వేడి అక్కర్లేదు, ఎవరూ పడరు. చలికాలం వెంటిలేటర్ మూత పడుతుంది, గీజర్ ఎక్కువసేపు మండుతుంది. ఈ రెండూ ఒకేసారి జరగడంలోనే ఉంది అసలు కిటుకు.

డాక్టర్‌కు ఇవన్నీ చెబితే ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆయన చెప్పినదాంట్లో రెండు విషయాలు అందరికీ పనికొస్తాయి. ఒకటి, వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఆక్సిజన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ వేరుగా చూడలేదు, అందుకే విషం ఎక్కినా 98 చూపిస్తుంది. రెండు, కార్బాక్సీ హిమోగ్లోబిన్ అనే రక్తపరీక్ష వెంటనే చేయాలి. మామూలు గాలిలో నాలుగైదు గంటలకే ఆ విషం సగానికి తగ్గిపోతుంది, ఆక్సిజన్ పెడితే ఇంకా త్వరగా. వారం తర్వాత పరీక్ష చేస్తే ఏమీ కనపడదు. గ్యాస్ గీజర్ బాత్రూంలో స్పృహ తప్పి, మూర్ఛ అనుకుని చికిత్స పొందినవారి గురించి మన దేశంలో న్యూరాలజీ డాక్టర్లు పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. వేడినీళ్లు తలమీద పడితే వచ్చే మూర్ఛ కూడా నిజంగానే ఉంది కాబట్టి గందరగోళం ఇంకా ఎక్కువ. చెల్లె విషయంలో రక్తపరీక్ష రుజువు మాకు దొరకలేదు. గీజర్ చోటు మార్చాక రెండు చలికాలాలు గడిచాయి, ఆమె మళ్లీ పడలేదు. మాత్రలు డాక్టరే మెల్లగా తగ్గించి ఆపాడు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే సొంతంగా మాత్రలు మానకండి. కానీ పడిపోయిన చోట గ్యాస్ గీజర్ ఉందన్న మాట డాక్టర్‌కు మొట్టమొదట చెప్పండి.

గీజర్ బిగించిన మెకానిక్‌ను పిలిచి అడిగితే నవ్వేశాడు. “కుచ్ నై హోతా భాయ్, సబ్‌కే ఘరోఁ మే ఐసైచ్ హై.” అందరిళ్లలో ఇట్లనే ఉంది, ఏం కాదన్నమాట. అతని మాటలో మొదటి సగం తప్పు, రెండో సగం నిజం. ఆ నిజమే భయపెట్టేది.

అందరిళ్లలో ఎందుకిట్లా ఉంది? మా నానమ్మ కాలంలో ఇంటి నడుమ వాకిలి ఉండేది. వాకిట్లో రాగి బాయిలర్. మధ్యలో గొట్టం, కింద బొగ్గులు, పొగ ఆకాశంలోకి. స్నానాల గది పక్కనే, నీళ్లు బకెట్‌లో మోసుకెళ్లేవాళ్లు. తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు, వాకిలి మీద స్లాబ్ పడింది, మెట్ల కింద బాత్రూం వచ్చింది. మంట వాకిట్లోంచి లోపలికి వచ్చింది, గొట్టం మాత్రం రాలేదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. దానికీ గ్యాస్ గీజర్‌కూ సంబంధం లేదు. కానీ కిక్కిరిసిన మన ఇళ్లలో గాలి రావడానికీ పొగ పోవడానికీ దారి ఉందా అన్న ప్రశ్నను ఆ రోజు తర్వాత వాయిదా వేయలేం.

చికాగోలో ఉండే మా బావకు ఈ కథంతా చెబితే వాళ్ల బేస్‌మెంట్‌లోని గ్యాస్ ఫర్నేస్ ఫొటో పంపాడు. ఇల్లంతా వెచ్చగా ఉంచే మెషీన్ అది. దాన్నుంచి రెండు తెల్ల ప్లాస్టిక్ పైపులు గోడలోంచి బయటికి పోతాయి. ఒకటి మంటకు కావాల్సిన గాలిని బయటి నుంచి తెస్తుంది, ఇంకోటి మండిన గాలిని బయటికి పంపుతుంది. ఇంట్లో గాలిని అది ముట్టనే ముట్టదు. గ్యాస్‌లోని వేడిలో 90 శాతానికి పైగా పిండేస్తుంది కాబట్టి బయటికి వచ్చే పొగ చల్లబడి ఉంటుంది, అందుకే ప్లాస్టిక్ పైపు సరిపోతుంది. మంచు పడినప్పుడల్లా ఆ పైపు మూతులు మూసుకుపోకుండా బావ పారతో తవ్వుతాడట. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఇల్లినాయ్ రాష్ట్రంలో 2007 నుంచి పడక గదులకు 15 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని చట్టం. మంట మీద అక్కడ అంత అనుమానం. మనకేమో అంత నమ్మకం.

మరి మేం ఏం చేశాం? గీజర్‌ను బాత్రూంలోంచి తీసి బయట, పైకప్పు లేని వాష్ ఏరియా గోడకు పెట్టించాం. వేడినీళ్ల పైపు మాత్రం గోడలోంచి లోపలికి. కొన్ని అడుగుల సీపీవీసీ పైపు, రెండు మలుపులు, ఒక పూట పని. ఖర్చు గీజర్ ధరతో పోలిస్తే లెక్కలోకే రాదు. కిరాయి ఇంట్లో ఉన్నవాళ్లు ఓనర్‌ను అడగడానికి మొహమాటపడకండి. గోడ పాడవుతుందంటే మళ్లీ పూడ్చుకోవచ్చు.

బయట చోటే లేదంటే గీజర్ తీసేసి, చిన్నదైనా కరెంట్ గీజర్‌కు మారడం మేలు. ఇప్పటికే లోపల ఉండి, మార్చేలోగా వాడక తప్పకపోతే బకెట్లు ముందే నింపుకుని, గీజర్ ఆపి, తలుపు తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు స్నానం చేయండి. వెంటిలేటర్‌కు అట్టలు, గుడ్డలు వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే సరిపోదు, కొత్త గాలి రావడానికి కింద కూడా సందు ఉండాలి. సిలిండర్ ఎప్పుడూ బాత్రూం బయట, నిలువుగా. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. వంటింటి రబ్బరు పైపుకే టీ జాయింట్ పెట్టి గీజర్‌కు లాగించకండి. పైపు గ్యాస్ కనెక్షన్ వచ్చినవాళ్లు పాత ఎల్‌పీజీ గీజర్‌ను దానికి అలాగే తగిలించకూడదు. రెండు గ్యాస్‌లకు జెట్‌లు వేరు, ప్రెషర్ వేరు.

సర్వీసింగ్ అంటే పాడైనప్పుడు మెకానిక్‌ను పిలవడం కాదు. చలికాలం రాకముందే ఏడాదికోసారి బర్నర్, దాని పైన ఉండే రాగి గొట్టాల భాగం శుభ్రం చేయించాలి. మసి పడితే మంటకు గాలి ఆడదు. మా వైపు బోరు నీళ్లకు గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, అది కూడా తీయించాలి. గీజర్‌కు పొగ గొట్టం ఉంటే దాని బయటి మూతి చూడండి. బావకు మంచు ఎట్లాగో మనకు పావురాలు అట్లా, ఒక్క సీజన్‌లో గూడు కట్టేస్తాయి. గ్యాస్ రబ్బరు పైపు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చేయాలి. జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే లీకు బుడగలై కనిపిస్తుంది, అగ్గిపుల్లతో మాత్రం చూడకండి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఉంటే వాడకం ఆపేయండి. అయితే మంట నీలంగా ఉంది కదా అని గది మూసుకోవడానికి అది లైసెన్స్ కాదు.

ఇంకో సంగతి. గీజర్ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతోందని సెన్సార్ వైర్లు డైరెక్ట్ చేయించుకునేవాళ్లున్నారు. చాలా మోడళ్లలో టైమర్ ఉంటుంది, కొన్నిట్లో ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సార్ ఉంటుంది. అది ఆగిపోతోందంటే మిమ్మల్ని కాపాడుతోందేమో అని ఒకసారి ఆలోచించండి. ఆఫీసులో అలర్ట్ ఎక్కువొస్తోందని అలర్ట్‌నే మ్యూట్ చేస్తే ఏమవుతుందో మా ఫీల్డ్ వాళ్లకు బాగా తెలుసు.

ఎవరైనా పడిపోతే ముందు తలుపు బార్లా తీసి, గీజర్ ఆపి, మనిషిని ఆరుబయటికి తేవాలి. 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ లీకు వాసన వస్తే నంబర్ 1906. బాత్రూం గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించుకుంటే ఇంకా మంచిది. మా బాబాయికి తలుపు తన్నే బలం ఉంది, అందరిళ్లలో ఆ సమయానికి అట్లాంటి మనిషి ఉండకపోవచ్చు.

చెల్లె ఇప్పుడు బీటెక్. హాస్టల్‌లో చేరిన మొదటి రోజు ఫోన్ చేసింది. మెస్ ఎట్లుంది, రూంమేట్ ఎవరు అని నేనడిగేలోపే తనే చెప్పింది: “అన్నా, ఇక్కడ సోలార్ వాటరే. అయినా వెంటిలేటర్ చూసినా. తెరిచే ఉంది.”