హమారీ గాడీ కబ్?

2020లో లాక్‌డౌన్ పడగానే మాబోటివాళ్లం లాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని ఇళ్లకు చేరాం. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ, కోకాపేటల్లో టవర్లు కడుతున్న బీహార్, ఝార్ఖండ్, ఒడిశా కూలీలు రేకుల షెడ్లలో చిక్కుకుపోయారు. తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. అవి అందనివాళ్లు చేసే ఫోన్లు ఎత్తి, వాళ్ల వివరాలు సరుకులు పంచేవాళ్లకు చేర్చడం మా స్వచ్ఛంద బృందం పని.

మా బృందాన్ని నడిపే మేడమ్ వనస్థలిపురం దగ్గర 1976 నుంచి నడుస్తున్న విపశ్యనా ధ్యాన కేంద్రం ధమ్మఖేత్తలో పది రోజుల శిబిరం చేసి వచ్చారు. వియత్నాం యుద్ధం మధ్యలో ఊళ్లు బాగుచేసే యువకులకు ధ్యానం కూడా నేర్పిన తిక్ నాట్ హన్ అంటే ఆవిడకు గురి. "ఫోన్ ఎత్తేముందు ఒక్క నిమిషం ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అనేవారు. నాకు నమ్మకం కుదరలేదు. నాకు తెలిసిన మైండ్‌ఫుల్‌నెస్ ఆఫీసుదే: ఏసీ హాల్లో మేం కళ్లు మూసుకుంటే, హౌస్‌కీపింగ్ అక్కలు మా గంట ఎప్పుడవుతుందా అని తలుపవతల నిలబడేవాళ్లు.

అయినా ఒక రోజు ఆ నిమిషం పాటించాను. అంతకుముందు "ఎంతమంది? లొకేషన్ పంపు" అని మధ్యలోనే అడ్డుపడేవాణ్ని. ఆ రోజు ఒకతను హిందీలో తిట్టిపోస్తుంటే ఊరుకున్నాను. తిట్లన్నీ అయ్యాక అసలు సంగతి బయటపడింది: బియ్యం ఉన్నాయి, గ్యాస్ అయిపోయింది. బియ్యం నానబెట్టుకుని తింటున్నారట. సరుకుల కిట్ బదులు వండిన అన్నం పంపించాం.

ఒక కుర్రాడు ఉత్సాహంగా, క్యాంపుల్లో మైకు పెట్టి కూలీలకూ శ్వాసధ్యానం నేర్పుదామన్నాడు. మేడమ్ ససేమిరా అన్నారు. "వాళ్లకు కావాల్సింది రైలు, నాయనా. కూలి డబ్బులు రాని మనిషి కోపం చల్లార్చడానికి మనమెవరం?" ఆ మాట నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది. ధ్యానం మా నోరు కట్టడానికే తప్ప, వాళ్ల నోరు నొక్కడానికి కాదు.

ఏప్రిల్ 29న కందిలో ఐఐటీ భవనాల కూలీలు తిరగబడ్డారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు 24 బోగీల రైలు కదిలింది, సుమారు 1,200 మందితో. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన తొలి రైలు అదే. ఇక ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట: "హమారీ గాడీ కబ్?" మా రైలు ఎప్పుడని. మా దగ్గర జవాబు లేదు. పోలీస్ స్టేషన్లలో పేర్లు నమోదు చేసుకుంటున్నారని తెలిశాక, ఎవరు ఏ స్టేషన్‌కు వెళ్లాలో చెప్పడం మొదలుపెట్టాం.